ఆన్‌లైను బజారులును సొమ్ము చెల్లింపు నిర్బంధములును

మన గ్రామములలో సెల్‌ఫోను ద్వారా క్రయవిక్రయములు సాగుట ఇప్పుడు వింత కాదు. కూరగాయ విత్తనములు, స్ప్రేయరు సామానులు, పంపుసెట్టు విడిభాగములు, పిల్లల పుస్తకములు, పండుగ బట్టలు సైతము ఆన్‌లైను బజారులలో బేరమై ఇంటి వాకిటికి వచ్చుచున్నవి. కొన్ని సహకార సంఘములును, రైతు ఉత్పత్తిదారుల సంఘములును పసుపు పొడి, బెల్లము, తేనె, చిరుధాన్యములు మొదలగువానిని ఆ బజారులలో అమ్మకమునకు పెట్టుచున్నవి. ఇట్టి వ్యాపారమును గూర్చి మన సభలలో చర్చ వచ్చినప్పుడెల్ల సభ్యులు ధరను గూర్చియు, సరకు నాణ్యమును గూర్చియు, రవాణా ఖర్చును గూర్చియు అడుగుదురు. సొమ్ము ఏ మార్గమున వచ్చును, ఆ మార్గమును నిర్ణయించువారెవరు అను ప్రశ్నను అడుగువారు అరుదు. పొలములలో విత్తనమును, ఎరువును, సాగు పద్ధతిని చూపుటయే వృత్తిగా గల మాకు ఈ ప్రశ్నతో పనియేమి యని కొందరు తలపవచ్చును. పండించుట నేర్పినవారు, పండిన దాని సొమ్ము రైతు చేతికి నిండుగా చేరుచున్నదా లేదా యని చూడకుండుట సగము పనియే యగునని మేము తలంచుచున్నాము.

బజారు పెట్టినవాడు బజారునకు నియమములు పెట్టుట న్యాయమే. తూకము సరిగా నుండవలెను, కల్తీ సరకు రారాదు, చెప్పిన సరకునే పంపవలెను అను నియమములు లేని బజారు బజారు కాదు. కాని కొనువాడు అమ్మువానికి సొమ్మును ఫలాని విధముననే చెల్లింపవలెను, వేఱు విధమున చెల్లింపరాదు అని బజారు యజమాని శాసించినప్పుడు, అందును ఆ ఫలాని విధము అతని సొంత వ్యాపారమే యైనప్పుడు, ఆ నియమమును ప్రత్యేకముగా పరీక్షింపవలసి యున్నది. మోసమును నివారించు నియమమును మేము మెచ్చుదుము. మోసమును నివారించు పేరిట యజమాని పెట్టెను నింపు నియమమును మెచ్చజాలము. ఈ రెంటికిని గల భేదమును రైతు సోదరులు గుర్తెఱుంగవలెననియే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

“సొమ్ము సొమ్మే గదా, ఏ దారిని వచ్చిన నేమి?” అని కొందరందురు. ఈ మాట సరికాదు. ప్రతి చెల్లింపు మార్గమునకును నాలుగు గుణములు కలవు. మొదటిది రుసుము, అనగా సొమ్ము చేర్చువాడు తన కూలిగా ఎంత మినహాయించుకొనును? రెండవది కాలము, సొమ్ము ఎన్నాళ్లకు చేతికి వచ్చును? మూడవది జవాబుదారి, సరకు రాకపోయినను, చెడిపోయినను, ఆ నష్టము ఎవరిమీద పడును? నాలుగవది అందుబాటు, ఆ మార్గము అందరికిని కలదా, లేక కార్డును, మంచి ఫోనును కలవారికేనా? నగదునకు రుసుము లేదు, ఆలస్యము లేదు. కాని చేయి మారిన పిదప ఋజువు లేదు. చెక్కునకు ఋజువు కలదు. కాని వసూలగువరకు నమ్మకము లేదు. క్రెడిట్ కార్డు వలన కొనువానికి రక్షణ కలదు. అమ్మువానికి రుసుము భారము కలదు. యూపీఐ సొమ్ము తక్షణము చేరును. 2020 జనవరి 1 నుండి యూపీఐ, రూపే డెబిట్ కార్డు చెల్లింపులపై వ్యాపారి యొద్ద రుసుము తీయరాదని మన ప్రభుత్వము నియమము చేసెను. అయినను తెలియక మోసగాని ఖాతాకు పంపిన సొమ్మును మరల రాబట్టుట కష్టము. సరకు ఇంటికి చేరిన పిదప నగదు ఇచ్చు పద్ధతి కొనువానికి ధైర్యము నిచ్చును. అమ్మువానికి సరకు తిరిగివచ్చునేమో యను భయము నిచ్చును. అన్నిటికంటె శ్రేష్ఠమగు మార్గ మొకటి లేదు. ఎవరి యవసరమునకు తగినది వారికి మేలు.

ఈ భేదము రూపాయలలో ఎంత యగునో ఒక లెక్క వేసి చూతము. ఒక రైతు పది క్వింటాళ్ల పసుపును క్వింటాలు 12,000 రూపాయల చొప్పున అమ్మెననుకొందము. రావలసినది 1,20,000 రూపాయలు. చెల్లింపు మార్గము వాడు నూటికి రెండు రూపాయలు రుసుము తీసినచో 2,400 రూపాయలు పోయెను. ఆ సొమ్మును పదునైదు దినములు తనయొద్ద నిలుపుకొనినచో, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి సాగు చేసిన రైతునకు మఱి 1,200 రూపాయలు వడ్డీ పెరిగెను. రెండును కలిసి 3,600 రూపాయలు. క్వింటాలుకు 360 రూపాయలు. యార్డులో వ్యాపారి క్వింటాలుకు 360 రూపాయలు ధర తగ్గించినచో మనము ఊరకుందుమా? కాని చెల్లింపు దారిలో జారిపోయిన ఆ 360 రూపాయలు ధరల పట్టికలో కనబడవు. కనుక వానిని గూర్చి కేక వేయువారు లేరు.

ఇది రైతులకు బొత్తిగా క్రొత్త సంగతి కాదు. మన వ్యవసాయ మార్కెట్లలో కొన్నిచోట్ల సరకు అమ్మిన దినముననే నగదు కావలెననిన రైతునొద్ద, నూటికి ఇంతయని కోత కోసి మిగిలినది చేతబెట్టు అలవాటు చిరకాలముగా కలదు. కోత యిష్టము లేనివాడు తక్‌పట్టీ చేతబట్టుకొని వారములకొలది అడితి చుట్టు తిరుగవలెను. అక్కడ ధర నిర్ణయించినది వేలము. ఆ ధరను తగ్గించినది చెల్లింపు పద్ధతి. పాత యార్డులో అడితిదారు చేసిన పనినే క్రొత్త బజారులో కంప్యూటరు నియమము చేయగలదు. అడితిదారుతో ముఖాముఖి వాదింపవచ్చును. కంప్యూటరుతో వాదించుటకు వీలులేదు. ఇంతయే భేదము.

ఆన్‌లైను బజారుల విషయమున ఈ వివాదము మొట్టమొదట పెద్దదిగా పెరిగినది ‘ఈ-బే’ యను అమెరికా బజారు సందర్భమున. దాని చరిత్రను కొంచెము వివరముగా చెప్పుదుము. ఏలయనగా తరువాత పుట్టిన బజారులు పెక్కు ఆ త్రోవనే నడచినవి.

ఈ-బే 1995లో కాలిఫోర్నియాలో ప్రారంభమైనది. ఎవరి వస్తువును వారు అందులో పెట్టి వేలమున అమ్ముకొనవచ్చును. మొదటి దినములలో కొనువారు చెక్కులును, మనియార్డర్లును తపాలాలో పంపుచుండిరి. అవి చేరి, వసూలగువరకు అమ్మువాడు సరకు పంపకుండెను. ఈ యాలస్యమును తొలగించుటకు పుట్టినవానిలో ‘పేపాల్’ అను సంస్థ ముఖ్యమైనది. ఈ-బే తన సొంతమునకు ‘బిల్‌పాయింట్’ అను వేఱొక సంస్థను 1999లో కొనెను. కాని అమ్మువారును, కొనువారును పేపాల్‌నే ఎక్కువగా వాడిరి. అనగా, ఎన్నుకొను స్వేచ్ఛ యున్నంతకాలము బజారు యజమాని వస్తువుకంటె పరుల వస్తువే నెగ్గెను. తుదకు 2002లో ఈ-బే సుమారు 150 కోట్ల డాలర్ల విలువగల వాటాల నిచ్చి పేపాల్‌నే కొనివేసెను. ఆనాటినుండి బజారును, చెల్లింపు మార్గమును ఒకే యజమాని చేతిలోనికి వచ్చెను.

తరువాత జరిగినదానిని గమనింపుడు. 2006లో గూగుల్ సంస్థ తన చెల్లింపు పద్ధతిని తెరవగనే, ఈ-బే దానిని తన బజారున వాడరాని మార్గముల పట్టికలో చేర్చెను. 2008లో అమెరికాలో చెక్కులను, మనియార్డర్లను చాల విధములైన సరకులకు నిషేధించెను. ఆ సంవత్సరముననే ఆస్ట్రేలియాలో ఇంకను ముందునకు పోయెను. అమ్మువారందరును పేపాల్‌ను అంగీకరించి తీరవలెననియు, జూను 17 నుండి పేపాల్ మార్గముననో, సరకు స్వయముగా తీసికొనిపోవునప్పుడు చేతికో తప్ప మఱి యే విధమునను సొమ్ము చెల్లింపరాదనియు ఏప్రిలులో ప్రకటించెను. ఆ దేశమున జనులు బ్యాంకు ఖాతా నుండి బ్యాంకు ఖాతాకు నేరుగా సొమ్ము పంపుకొను అలవాటు గలవారు. ఆ మార్గమున అమ్మువానికి పేపాల్ రుసుము లేదు. క్రొత్త నియమముచే ఆ మార్గము మూతపడవలసి వచ్చెను.

ఈ-బే చెప్పిన కారణము కొనువారి క్షేమము. నేరుగా బ్యాంకు బదిలీ చేసిన సొమ్ము మోసగానికి చేరినచో తిరిగిరాదు, పేపాల్ మార్గమున కొనువానికి రక్షణ కలదు అని వాదించెను. ఈ వాదమున సత్యము లేకపోలేదు. కాని అమ్మువారు నూర్లకొలది ఫిర్యాదులు పంపిరి. వారి ప్రశ్న సులభమైనది: “రక్షణ కావలెనన్న కొనువాడు పేపాల్‌ను ఎన్నుకొనును, ఏండ్ల తరబడి మాతో బేరము చేసి మమ్ము నమ్మినవాడు బ్యాంకు ద్వారా పంపును, ఈ నిర్ణయము మాది కావలెను గాని, రుసుము తీసికొనువానిది ఏల కావలెను?” ఆస్ట్రేలియా దేశపు పోటీ వ్యవహారముల కమిషను ఈ విషయమును విచారించి, 2008 జూనులో తన ముసాయిదా అభిప్రాయమును ప్రకటించెను. ఇట్టి నిర్బంధము వలన చెల్లింపు వ్యాపారమున పోటీ తగ్గుననియు, ప్రజలకు కలుగు లాభము ఆ నష్టమును మించదనియు దాని సారాంశము. జులైలో ఈ-బే తన ప్రయత్నమును విరమించుకొనెను. అమ్మువారు ఇతర మార్గములతో పాటు పేపాల్‌ను కూడ చూపవలెనను నియమము మాత్రము నిలిచెను.

కథ అంతటితో ముగియలేదు. 2015లో ఈ-బేయు, పేపాల్‌ను వేఱువేఱు సంస్థలుగా విడిపోయినవి. పిమ్మట ఈ-బే చెల్లింపుల నిర్వహణమును తానే చేపట్టి, 2021 నాటికి చాల దేశములందు అమ్మువారి సొమ్మును వారి బ్యాంకు ఖాతాలకు తానే పంపు పద్ధతికి మార్చెను. ఒకనాడు “పేపాల్ తప్ప గతి లేదు” అనిన బజారు, మఱియొకనాడు “పేపాల్ మాకు ముఖ్యము కాదు” అనెను. రెండుసార్లును పద్ధతి మార్చుకొనవలసినవారు చిన్న వర్తకులే. క్షేమము కొఱకే మొదటి నియమము పుట్టినదన్నచో, యాజమాన్యము మారగనే ఆ క్షేమసిద్ధాంతము ఏల మారెను? కారణముగా చెప్పబడినది ఎప్పుడును క్షేమమే. కాని నియమము మాత్రము యజమాని లాభము వెంట నడచినదని ఈ చరిత్ర చూపుచున్నది.

ఇక రెండవ పక్షమును న్యాయముగా చెప్పవలెను. నిర్బంధములన్నియు చెడ్డవి కావు. మన దేశముననే చూడుడు. ఆన్‌లైను బజారులో పాత ట్రాక్టరు భాగమో, పాడిపశువో అమ్మకమునకున్నదని చూపి, “బజారు ద్వారా వలదు, నా నంబరుకు నేరుగా పంపుడు, ధర తగ్గించెదను” అని ఆశ చూపువాడు తరచుగా మోసగాడు. అట్లే “మీకు సొమ్ము పంపుచున్నాను, ఈ క్యూఆర్ గుర్తును స్కాను చేసి మీ పిన్ను నొక్కుడు” అనువాడు తప్పక మోసగాడే. యూపీఐలో సొమ్ము పంపువాడే పిన్ను నొక్కవలెను. సొమ్ము రాబట్టుకొనువానికి పిన్ను అక్కరలేదు. ఈ యొక్క మాటను ప్రతి సభ్యుడును తన యింటివారికి నేర్పవలెను. బజారు బయట సొమ్ము పంపరాదని బజారు యజమాని నియమము పెట్టినచో అది మన మేలునకే. సరకు చేరువరకు సొమ్మును మధ్య నిలిపి యుంచుటయు, తగవు వచ్చినప్పుడు విచారించి తిరిగి యిచ్చుటయు నిజమైన సేవలు. వానికి తగిన రుసుము అడుగుటయు తప్పు కాదు. బజారు లోపల నాలుగు మార్గములు తెరచి, బయటి దొంగత్రోవను మూసినచో అది కావలి. నాలుగింటిలో మూడు మూసి తన త్రోవ నొక్కదానిని తెరచి యుంచినచో అది సుంకపు గేటు.

సహకారులమగు మనకు ఈ విషయమున మఱియొక చరిత్ర జ్ఞాపకము రావలెను. 1844 డిసెంబరు 21వ తేదీన ఇంగ్లండులోని రాచ్‌డేలు పట్టణమున నేతపనివారు మొదలగు శ్రామికులు తెరచిన సహకార దుకాణమున ఒక నిర్బంధము కలదు. అరువు లేదు, నగదు ఇచ్చియే సరకు కొనవలెను. ఇదియు చెల్లింపు నిర్బంధమే. దానిని మనము నేటికిని కొనియాడుచున్నాము. ఏల? ఆ నియమమును చేసినవారును, దానికి లోబడినవారును ఒక్కరే. అరువు పెరిగి అంతకుముందు పెక్కు దుకాణములు కూలినవని చూచి, తమ సొంత సభలో తామే నిర్ణయించుకొనిరి. దాని వలన మిగిలిన లాభమును కొనుగోళ్ల చొప్పున తామే పంచుకొనిరి. నియమము నచ్చనివాడు వేఱు దుకాణమునకు పోవచ్చును.

ఆ కాలపు ఇంగ్లండుననే దీనికి విరుద్ధమైన పద్ధతి కూడ కలదు. కొందరు మిల్లు యజమానులును, గని యజమానులును కూలిని నాణెములలో నీయక, తమ దుకాణముననే చెల్లు చీటీలుగానో, సరకుగానో యిచ్చుచుండిరి. కూలివాడు ఎక్కువ ధరకు నాసిరకపు పిండిని కొనక తప్పదు. ఆ చీటీ వేఱు అంగడిలో చెల్లదు. ఈ దురాచారమును మాన్పుటకే 1831లో బ్రిటిషు పార్లమెంటు ‘ట్రక్ చట్టము’ చేసి, చేతివృత్తుల పనివారికి కూలి చెలామణిలోనున్న నాణెములలోనే చెల్లింపవలెనని శాసించెను. రాచ్‌డేలు నియమమును, మిల్లు చీటీయు పైకి ఒకే జాతివి. రెండును “ఈ విధముననే చెల్లింపు” అనునవియే. కాని ఒకటి సభ్యుల నిర్ణయము, మఱియొకటి యజమాని శాసనము. ఒకదాని లాభము సభ్యులకు, మఱియొకదాని లాభము యజమానికి. ఆన్‌లైను బజారు నియమములను పరీక్షించుటకు ఇంతకంటె మంచి గీటురాయి లేదు.

మన దేశమున ఈ విషయమై జరిగిన విచారణలలో గూగుల్ ‘ప్లే స్టోరు’ వ్యవహారము పెద్దది. మన ఫోనులలోనికి వచ్చు ‘యాప్’లలో చాల భాగము ఆ యంగడినుండియే వచ్చును. అందులో యాప్‌లు అమ్మువారు డిజిటలు వస్తువులకును, సేవలకును తన సొంత చెల్లింపు పద్ధతినే వాడవలెనని గూగుల్ పట్టుపట్టెను. దానిమీద నూటికి 15 మొదలు 30 వరకు కమిషను తీసెను. భారత పోటీ కమిషను విచారించి, ఇది ఆధిపత్యమును దుర్వినియోగము చేయుటయే యని 2022 అక్టోబరు 25న 936.44 కోట్ల రూపాయల జుర్మానా విధించెను. గూగుల్ అప్పీలు చేయగా 2025 మార్చిలో అప్పీలు ట్రిబ్యునలు తప్పును కొంతవరకు స్థిరపరచి, జుర్మానాను 216.69 కోట్లకు తగ్గించెను. అంతకుముందే, 2018 డిసెంబరు 26న, విదేశీ పెట్టుబడి గల ఆన్‌లైను బజారులు తమయందలి వర్తకులకు గిడ్డంగి, రవాణా, క్యాష్‌బ్యాకు, చెల్లింపు, అప్పు మొదలగు సేవలను పక్షపాతము లేక సమానముగా చేయవలెనని కేంద్రప్రభుత్వము ఉత్తరువు చేసెను. అది 2019 ఫిబ్రవరి 1 నుండి అమలులోనికి వచ్చెను. చెల్లింపు మార్గము కూడ బజారు న్యాయములో భాగమే యని ప్రభుత్వము అంగీకరించిన దనుటకు ఇదియే నిదర్శనము.

కొనువారి పక్షమున నుండి చూచినను ఇదే న్యాయము. 2007లో బెంగుళూరున పుట్టిన ఫ్లిప్‌కార్టు బజారు 2010లో సరకు చేరిన పిదప నగదు ఇచ్చు పద్ధతిని తెచ్చెను. కార్డులు లేని కోట్లాది జనులు ఆన్‌లైను బజారులోనికి అడుగిడుటకు ఈ పద్ధతి యెంతో తోడ్పడినది. నేటికిని మన గ్రామములలోని స్త్రీలలోను, వృద్ధులలోను పెక్కుమంది “సరకు చూచి సొమ్మిత్తుము” అని యందురు. ఇది అజ్ఞానము కాదు. చూడని వర్తకుని యందు చూపదగిన జాగ్రత్త. కావున బజారు ఈ మార్గమును మూయునప్పుడుగాని, దానికి అదనపు రుసుము చేర్చునప్పుడుగాని, కొనువానికి ముందే తెలియజేయవలెను. ధర యొకటి చూపి, తుది ఘడియలో మఱియొక రుసుము కలుపుట మోసపు పద్ధతులలో నొకటిగా 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ తన మార్గదర్శకములలో పేర్కొనెను.

ఇప్పుడు మన పంట అమ్మకమునకు వత్తము. 2016 ఏప్రిలు 14న 21 మార్కెట్లతో ప్రారంభమైన ‘ఈ-నామ్’ ప్రభుత్వపు ఆన్‌లైను బజారు. నిజామాబాదు పసుపు మార్కెట్టు మొదటి జాబితాలోనిదే. అందు వ్యాపారి చెల్లించు సొమ్ము ఆన్‌లైనులోనే రైతు ఖాతాకు చేరవలెనను పద్ధతిని ప్రోత్సహించుచున్నారు. దీని వలన లాభములు స్పష్టము. నగదు కోతకు చోటు లేదు. తూకమునకును ధరకును ఋజువు నిలుచును. సొమ్ముతో రాత్రివేళ ప్రయాణము చేయు భయము లేదు. మేము ఈ పద్ధతికి విరోధులము కాము. కాని పెక్కుమంది రైతులు నగదే యడుగుటకు ఒక కారణము కలదు. పంటసొమ్ము ఖాతాలో పడగనే బ్యాంకువారు పాతబాకీ క్రింద జమకట్టుకొందురేమో యను భయము అది. బాకీ తీర్చుట ధర్మమే. అయినను కూలీలకు ఈయవలసినది, కౌలు, పిల్లల ఫీజు, వచ్చు పంట విత్తనము, ఇవన్నియు ఆ సొమ్ముతోనే తీరవలెను. వీనిలో ఏది ముందు, ఏది వెనుక యని నిర్ణయించు అధికారము సొమ్ము నార్జించినవానికి ఉండవలెను. చెల్లింపు మార్గమును నిర్బంధించుటయన్న నిర్ణయాధికారమును గూడ తీసికొనుటయే యగునని ఈ యొక్క యుదాహరణము చూపుచున్నది.

ప్రభుత్వము సైతము ఈ సంగతిని ఎఱుగును. 2017లో వ్యాపారుల నగదు ఖర్చుల పరిమితిని దినమునకు ఒక్కొకరికి 10,000 రూపాయలకు తగ్గించినప్పుడు, పండించిన రైతునకే చెల్లించు పంటసొమ్మును మినహాయింపులో నిలిపెను. 2019లో బ్యాంకునుండి తీయు పెద్ద నగదు మొత్తములమీద పన్ను కోత పెట్టినప్పుడును, రైతులకు చెల్లించు నిమిత్తము మార్కెట్టు వ్యాపారులు తీయు నగదునకు మినహాయింపు నొసగెను. చట్టమే విడిచిన త్రోవను బజారు యజమాని మూయుట యెంతవరకు తగును?

మార్గము ఒక్కటే యైనచో, ఆ యొక్కటి మూతపడిన దినమున ఏమగునో సహకారులకు చెప్ప నక్కరలేదు. 2016 నవంబరు 8న 500, 1,000 రూపాయల నోట్లు రద్దయినవి. నవంబరు 14న జిల్లా సహకార కేంద్ర బ్యాంకులు ఆ నోట్లను మార్పిడికిగాని జమకుగాని స్వీకరింపరాదని రిజర్వు బ్యాంకు ఆదేశించెను. వరి కోతలును, రబీ విత్తనములును ఒక్కసారి మీద నున్న దినములవి. వేఱొక బ్యాంకున ఖాతా గల సభ్యునికి కష్టము కొంత తగ్గెను. సహకార ఖాతా యొక్కటే గలవానికి కష్టము నిండుగా తగిలెను. ఆ నిర్ణయపు మంచిచెడ్డలను మేమిక్కడ తర్కింపము. ఒకే ద్వారము గల యింటిలో నుండుట ఎంత యపాయమో అది నేర్పినదని మాత్రము చెప్పుదుము.

కావున ఏ ఆన్‌లైను బజారులోనైనను చేరుటకు ముందు మన సంఘముల కార్యవర్గములు ఐదు ప్రశ్నలు వేసి, జవాబులను వ్రాతపూర్వకముగా తీసికొని, సభ్యుల యెదుట చదువవలెనని మా సూచన.

మొదటిది: ఏయే చెల్లింపు మార్గములు అంగీకృతములు, ఏవి నిషిద్ధములు, నిషేధమునకు చెప్పు కారణమేమి?

రెండవది: ఒక్కొక మార్గమునకు రుసుమెంత, ఆ రుసుము బజారు యజమాని సొంత సంస్థకు చేరునా, ఇతరులకు చేరునా?

మూడవది: సరకు చేరిన పిదప ఎన్ని దినములకు సొమ్ము మన ఖాతాకు వచ్చును? ఆలస్యమైనచో ఎవరు వడ్డీ యిత్తురు?

నాలుగవది: కొనువాడు సరకు బాగులేదన్నచో విచారించువారెవరు? ఆ విచారణ ముగియువరకు ఒక్క సరకు సొమ్మునే నిలుపుదురా, ఖాతా యంతటిని స్తంభింపజేయుదురా?

ఐదవది: నియమము మార్చునప్పుడు ముందుగా ఎన్నాళ్ల నోటీసు ఇత్తురు? మార్పు నచ్చనిచో మన సొమ్మును నష్టము లేక తీసికొని వెడలవచ్చునా?

ఈ యైదింటికిని సూటిగా జవాబు చెప్పు బజారులో, అది ఒక్క మార్గమునే నిర్ణయించినను, కొంతకాలము అమ్మి చూడవచ్చును. జవాబు చెప్పని బజారు ఎన్ని మార్గములు చూపినను దూరముగా నుండుట మేలు. ఎట్లయినను సంఘపు సరకంతయు ఒకే బజారున పెట్టరాదు. సంఘపు సొమ్మంతయు ఒకే చెల్లింపు ఖాతాలో నిలువ యుంచరాదు. వారమున కొకసారియైనను బ్యాంకునకు మార్చుకొనవలెను.

తుదకు మన యింటిని గూడ చక్కబెట్టుకొనవలెను. సభ్యుని ధాన్యము కొని, సొమ్మునకు బదులు ఎరువుల చీటీనిచ్చి, “మన గోదాములోనే తీసికొనుము” అను సంఘము మిల్లు చీటీ మార్గమున నడచుచున్నట్లే. సభ్యుడు తన యిష్టముతో ఎరువు తీసికొనినచో మంచిదే. వేఱు గతి లేక తీసికొనినచో అది సహకారము కాదు. పంటసొమ్మునుండి బాకీ వసూలునకును ఇదే న్యాయము. మహాజనసభలో సభ్యులే తీర్మానించిన చొప్పున, ముందుగా తెలిపి, ఇంతభాగమని యేర్పరచి వసూలు చేసినచో ఎవరికిని చెప్ప ననుకూలము ఉండదు. గుమాస్తా తన యంతట జమకట్టినచో పెద్ద బజారులను నిందించు హక్కు మనకుండదు.

మహాజనసభలకు ఇక కొన్ని వారములే కలవు. ధరలను గూర్చి చర్చించు దినముననే సొమ్ము వచ్చు దారిని గూర్చి కూడ ఒక గంట చర్చింపుడు. సంఘము చేరిన బజారుల రుసుములను, ఆలస్యములను లెక్కకట్టి, క్వింటాలుకు ఎన్ని రూపాయలు దారిలో పోవుచున్నవో గోడమీద పట్టికగా వ్రాసి పెట్టుడు. ఆ సంఖ్య కంటికి కనబడిన దినమున, దానిని తగ్గించు ఉపాయము సభ్యులకే తోచును.